బిస్కట్ డబ్బాలో 61 టికెట్ ముక్కలు

నీలం రంగు డేనిష్ బిస్కట్ల డబ్బా మనవాళ్ళ ఇళ్ళలో చాలాచోట్ల కనిపిస్తుంది. మూత తీస్తే సూదులు, దారపు ఉండలు, ఊడిపోయిన గుండీలు ఉంటాయి. మా ఇంట్లో డబ్బాలో మాత్రం చింపిన టికెట్ ముక్కలున్నాయి. మావాడు ఏడేళ్ళ వయసు నుంచి పదిహేనేళ్ళు దాటేదాకా దాచుకున్నవి. మొన్న బేస్‌మెంట్ సర్దుతుంటే పాత స్కేట్ల కింద దొరికింది. వాడిప్పుడు కాల్గరీలో ఉద్యోగం చేసుకుంటున్నాడు. వీడియో కాల్ చేసి చూపించాను.

"ఎన్నున్నాయో లెక్కపెట్టు నాన్నా" అన్నాడు.

చాప వేసుకుని కూర్చుని, ఏ సీజన్‌వి ఆ సీజన్‌కి వరసలు పేర్చాను. ఇంకు చాలావరకు వెలిసిపోయింది. 61 వచ్చాయి. మ్యాచ్‌కి ఒకటి చొప్పున వాడు దాచేవాడు కాబట్టి, మేము చూసిన మ్యాచ్‌లు 61 అన్నమాట.

అన్నీ ఒకే టీమ్‌వి. బ్రాంప్టన్ బెటాలియన్. 1998 నుంచి 2013 దాకా, 15 సీజన్లు కెనడాలోని మా ఊళ్ళో ఆడిన జూనియర్ ఐస్ హాకీ టీమ్. ఇప్పుడు ఆ పేరుతో బ్రాంప్టన్‌లో టీమ్ లేదు. ఇక్కడికి కొత్తగా వచ్చిన తెలుగు కుర్రాళ్ళకి చెప్తే అలాంటిదొకటి ఉండేదని కూడా తెలియదు. అందుకే రాస్తున్నాను.

మేము బ్రాంప్టన్ వచ్చింది 2004 నవంబర్‌లో. టొరంటో పక్కనే ఉన్న ఊరు. హైదరాబాద్‌లో నేను అకౌంట్స్ చూసేవాణ్ణి, ఇక్కడ మొదటి ఉద్యోగం ఒక గోడౌన్‌లో పెట్టెలెత్తడం. అద్దెకున్నది ఒక ఇంటి బేస్‌మెంట్‌లో. మధ్యాహ్నం నాలుగున్నరకే చీకటి పడేది. మావాణ్ణి రెండో తరగతిలో చేర్చాం. స్కూల్లో వాడి పేరు పూర్తిగా పలకడం కష్టమని టీచరు మొదటి రెండక్షరాలతోనే పిలిచేది. వాడు ఇంటికొచ్చి ఏమీ చెప్పేవాడు కాదు. మా ఆవిడ అడిగితే "బానే ఉంది" అనేవాడు. ఏడేళ్ళ పిల్లాడు "బానే ఉంది" అంటే ఏదో బాగాలేనట్టే లెక్క.

ఆ చలికాలం కెనడాలో ఒక విచిత్రం జరిగింది. పెద్ద హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో యజమానులకీ ఆటగాళ్ళకీ జీతాల పరిమితి దగ్గర గొడవ ముదిరి, లాకౌట్ ప్రకటించారు. 2004-05 సీజన్ మొత్తం రద్దయిపోయింది. శనివారం రాత్రి టీవీలో హాకీ లేకపోతే ఈ దేశంలో జనం ఎలా ఉంటారో ఆ ఏడాది చూశాను. మన దగ్గర సంక్రాంతికి కొత్త సినిమా ఒక్కటి కూడా రిలీజవకపోతే ఎలా ఉంటుందో అలా. గోడౌన్‌లో టీ బ్రేక్‌లో అందరూ దిగాలుగా కూర్చునేవాళ్ళు. నాతో పనిచేసే ఒక పంజాబీ పెద్దాయన, మేమంతా పాజీ అని పిలిచేవాళ్ళం, "పెద్దవాళ్ళు ఆడకపోతే ఏం, పిల్లలు ఆడుతున్నారుగా" అని ఒక శుక్రవారం నా చేతిలో రెండు టికెట్లు పెట్టాడు. తన మనవడికి జ్వరమొచ్చి వాళ్ళు వెళ్ళలేకపోతున్నారట.

హాకీ అంటే నాకు తెలిసింది సికింద్రాబాద్ లాలాగూడలో చూసిన హాకీ. మా నాన్నగారిది రైల్వే ఉద్యోగం. అక్కడి గ్రౌండ్లో ఆంగ్లో ఇండియన్ కుర్రాళ్ళు దుమ్ము లేపుకుంటూ ఆడుతుంటే గోడెక్కి చూసేవాళ్ళం. మన హైదరాబాద్ ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 మూడు ఒలింపిక్స్‌లో ఆడాడని గర్వంగా చెప్పుకునేవాళ్ళం. మంచు మీద ఆడే హాకీని అంతకు ముందు టీవీలో కూడా సరిగ్గా చూడలేదు.

స్టేడియం కెనడీ రోడ్డు మీద, స్టీల్స్ అవెన్యూకి దగ్గర్లో ఉంటుంది. అప్పట్లో దాని పేరు బ్రాంప్టన్ సెంటర్ ఫర్ స్పోర్ట్స్ అండ్ ఎంటర్‌టైన్‌మెంట్. మరుసటి ఏడాది పవరేడ్ సెంటర్ అయింది, ఇప్పుడు సీఏఏ సెంటర్. ఐదు వేల మంది దాకా పడతారు. మా ఇంటి నుంచి రెండు బస్సులు మారాలి. మావాడికి స్వెటర్ మీద స్వెటర్ వేసి, పైన జాకెట్ తొడిగి, సికింద్రాబాద్ నుంచి తెచ్చుకున్న మంకీ క్యాప్ పెట్టాను. బయట చలికి అన్నీ వేసుకున్నాం సరే, లోపల కూడా చలే అని నాకు తెలియదు. మంచు కరగకూడదు కదా మరి.

లోపలికి అడుగుపెట్టగానే మొదట తాకింది శబ్దం. స్కేట్ల అంచులు ఐసుని గీసే చప్పుడు, కర్రకి తగిలిన పక్, అంటే బంతికి బదులు వాడే గట్టి రబ్బరు బిళ్ళ, గాజు గోడకి కొట్టుకున్నప్పుడు వచ్చే ధడేల్. మావాడు ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకున్నాడు. రెండో నిమిషంలో వదిలేశాడు. మూడో నిమిషానికి లేచి నిలబడ్డాడు. ఆలివ్ ఆకుపచ్చ రంగు జెర్సీలు. బెటాలియన్ అన్న పేరుకి తగ్గట్టే అంతా సైన్యం వరస. సార్జ్ అనే మస్కట్ సైనికుడి వేషంలో మెట్ల మీద తిరుగుతూ పిల్లలకి సెల్యూట్ కొడుతున్నాడు. మావాడూ తిరిగి సెల్యూట్ కొట్టాడు. ఈ దేశం వచ్చాక వాడు నవ్వగా చూడడం అదే మొదటిసారి.

ఆట మాత్రం ఇద్దరికీ అర్థం కాలేదు. ఉన్నట్టుండి విజిల్ ఎందుకు వేస్తారో, ఒకడు బయట పెట్టెలో ఎందుకు కూర్చుంటాడో, నలుగురు మిగిలినప్పుడు అవతలివాళ్ళు ఐదుగురు ఎందుకు ఆడతారో తెలియదు. మా పక్క సీట్లో ఒక తాతగారు ఉన్నారు. ఒళ్ళో దుప్పటి కప్పుకుని, థర్మాస్‌లో కాఫీ తెచ్చుకుని కూర్చున్నారు. మా అయోమయం చూసి ఆయనే మొదలుపెట్టారు. మూడు పీరియడ్లు, ఒక్కోటి ఇరవై నిమిషాలు. సెంటర్ లైన్‌కి ఇవతల నుంచే పక్‌ని అవతలి గోల్ లైన్ దాటేలా విసిరేస్తే ఐసింగ్. తప్పు చేసినవాడు రెండు నిమిషాలు పెట్టెలో. విరామంలో జాంబోనీ బండి వచ్చి ఐసుని అద్దంలా చేస్తుంటే మావాడు కళ్ళార్పకుండా చూశాడు. ఇంటికొచ్చి వాళ్ళమ్మకి ఆటకంటే ఆ బండి గురించే ఎక్కువ చెప్పాడు. ఆ రాత్రి వాడు దాదాపు గంటసేపు మాట్లాడాడు. మా ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచి, "మళ్ళీ ఎప్పుడుందట ఆ ఆట?" అని అడిగింది.

అలా మొదలైంది.

జూనియర్ హాకీ సంగతి కొంచెం చెప్పాలి. కెనడా జూనియర్‌లో మూడు పెద్ద లీగులున్నాయి. మాది ఒంటారియో హాకీ లీగ్, అందులో 20 టీములు. సీజన్‌కి ఒక్కో టీమ్ 68 మ్యాచ్‌లు ఆడుతుంది, సగం సొంత ఊళ్ళో. మూడు లీగుల విజేతలూ చివర్లో మెమోరియల్ కప్ కోసం తలపడతాయి. ఆటగాళ్ళు పదహారు నుంచి ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు. టీములు వంతులవారీగా కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎంపికై, ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో వస్తారు. వచ్చినవాళ్ళు ఊళ్ళో ఎవరో ఒకరి ఇంట్లో ఉంటారు. ఆ ఇంటివాళ్ళే వాళ్ళకి వండిపెడతారు, పొద్దున్నే స్కూలుకి లేపుతారు. బిల్లెట్ ఫ్యామిలీ అంటారు ఇక్కడ.

ఇది విన్నప్పుడు మా ఆవిడ మనసు ఎక్కడికో వెళ్ళిపోయింది. "మనవాళ్ళు పదో తరగతి అవ్వగానే పిల్లల్ని విజయవాడ హాస్టళ్ళకి పంపినట్టేగా" అంది. వాళ్ళ తమ్ముణ్ణి అలాగే పంపారు. ఆదివారం కలవడానికి వెళ్ళినప్పుడు పచ్చడి జాడీ పట్టుకుని గేటు దగ్గరే ఏడ్చేవాడట. అప్పటి నుంచి బెటాలియన్ కుర్రాడు ఎవడైనా గోడకి గుద్దుకుని కింద పడితే మా ఆవిడ "అయ్యో నాయనా" అని గట్టిగా అనేది. చుట్టుపక్కల వాళ్ళకి తెలుగు రాకపోయినా ఆ మాట అర్థమయ్యేది.

మావాడి హీరో వోయ్‌టెక్ వోల్‌స్కీ. పోలండ్‌లోని జాబ్రేలో పుట్టాడు, చిన్నప్పుడే తల్లిదండ్రులతో వలస వచ్చి టొరంటోలో పెరిగాడు. పొడుగ్గా ఉండేవాడు, పక్‌ని కర్రకి అతికించుకున్నట్టు తిరిగేవాడు. 2005-06లో కొలరాడో తరఫున కొన్ని ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లు ఆడి వెనక్కి వచ్చాడు. వచ్చి 56 మ్యాచ్‌ల్లో 128 పాయింట్లు (వేసిన గోల్స్, గోల్‌కి ఇచ్చిన పాసులు కలిపి) చేశాడు. లీగ్ అత్యుత్తమ ఆటగాడికిచ్చే రెడ్ టిల్సన్ ట్రోఫీ ఆ ఏడాది అతనికే. ఆ అంకెలన్నీ మావాడికి ఎక్కాల కంటే ముందు వచ్చేశాయి. అయితే ఒకరోజు వాడు అడిగింది అంకెల గురించి కాదు.

"నాన్నా, అతని పేరు కూడా కష్టమేగా. మైకులో అందరికీ వినపడేలా పూర్తిగా చెప్తున్నారు కదా?"

చెప్తున్నారన్నాను. మర్నాడు స్కూల్లో వాడు టీచరుకి తన పేరు మొత్తం రాసి ఇచ్చాడు. అక్షరం అక్షరం విడగొట్టి, ఎలా పలకాలో కింద రాసి. నేను గానీ వాళ్ళమ్మ గానీ చెప్పలేదు. వోల్‌స్కీ ఆ తర్వాత చాలా కష్టాలు పడ్డాడు. 2016లో రష్యా లీగ్‌లో ఆడుతూ మెడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. అక్కడితో ఆట అయిపోయిందనుకున్నారు. 2018 ఒలింపిక్స్‌లో కెనడా జెర్సీ వేసుకుని కాంస్యం గెలిచాడు. ఆ రోజు మావాడు యూనివర్సిటీ హాస్టల్ నుంచి ఫోన్ చేసి, కాసేపు మాట్లాడలేకపోయాడు.

టీమ్ పాత చరిత్ర అంతా నాకు చెప్పింది ఆ తాతగారే. బ్రాంప్టన్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. ఒకప్పుడు ఈ ఊరంతా గాజు ఇళ్ళల్లో గులాబీలు పెంచేవాళ్ళని, అందుకే ఫ్లవర్ సిటీ అనే పేరొచ్చిందని ఆయన చెప్తేనే తెలిసింది. 1998లో లీగ్ రెండు కొత్త టీముల్ని చేర్చుకుంది. ఒకటి మాది, ఇంకోటి పక్క ఊరు మిస్సిసాగా ఐస్‌డాగ్స్. మా టీమ్ యజమాని స్కాట్ అబ్బాట్. ట్రివియల్ పర్స్యూట్ అనే క్విజ్ ఆటని కనిపెట్టిన ఇద్దరిలో ఒకరు. మొదటి సీజన్లో 68 మ్యాచ్‌ల్లో గెలిచింది 8. తాతగారు ఆ సీజన్లో ఇంటి మ్యాచ్ ఒక్కటీ వదల్లేదట. "ఎనిమిది గెలిచినప్పుడు వచ్చినవాడికే నలభై గెలిచినప్పుడు కూర్చునే హక్కు" అనేవారు.

ఆ ఎనిమిది గెలుపుల సీజన్లోనే పదిహేనేళ్ళ కుర్రాడొకడు ఆడాడు. జేసన్ స్పెజ్జా. ఏడాది తర్వాత డ్రాఫ్ట్‌లో మిస్సిసాగా అతన్ని మొట్టమొదట తీసుకుంది. ఆ తర్వాత ఎన్‌హెచ్‌ఎల్‌లో ఎంత పెద్ద పేరు తెచ్చుకున్నాడో హాకీ చూసేవాళ్ళకి చెప్పక్కర్లేదు. 2000 ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో మా కుర్రాళ్ళు ఇద్దరు వరసగా వెళ్ళారు. నాలుగో స్థానంలో చెక్ దేశపు రోస్టిస్లావ్ క్లెస్లా, ఐదో స్థానంలో రాఫీ టోరెస్. కొలంబస్ అనే కొత్త ఎన్‌హెచ్‌ఎల్ జట్టు తన చరిత్రలో తీసుకున్న మొదటి ఆటగాడు మా క్లెస్లానే. ఈ పదిహేను సీజన్లకీ కోచ్ ఒక్కడే, స్టాన్ బట్లర్. జూనియర్ హాకీలో కోచ్‌లు చొక్కాలు మార్చినట్టు మారుతుంటారు. ఒకే ఊళ్ళో, ఒకే టీమ్‌కి అన్నేళ్ళు నిలబడిన మనిషి అరుదు. గోల్ తిన్నా, వేసినా బెంచీ వెనక చేతులు కట్టుకుని నిలబడే ఆయన ఆకారం ఇప్పటికీ నా కళ్ళ ముందుంది.

మా శుక్రవారాలకి ఒక పద్ధతి ఏర్పడింది. 2006లో పాత కారు కొన్నాం. స్టేడియంలోకి బయటి తిండి తీసుకెళ్ళనివ్వరు. అందుకని పార్కింగ్‌లో, కార్లో హీటర్ వేసుకుని, స్టీలు డబ్బాలో పులిహోర తినేవాళ్ళం. అద్దాలన్నీ ఆవిరి పట్టేవి. మావాడు ఆ ఆవిరి మీద వేలితో ఆ రోజు స్కోరు ఎంతవుతుందో రాసేవాడు. లోపల విరామంలో వాడికి హాట్ చాక్లెట్, మాకు కాఫీ. ఎన్‌హెచ్‌ఎల్ మళ్ళీ మొదలయ్యాక గోడౌన్‌లో అందరూ టొరంటో ఎన్‌హెచ్‌ఎల్ టీమ్ లీఫ్స్ వైపు తిరిగిపోయారు. లీఫ్స్ టికెట్ కొనడం మా తరం కాదు. కొనగలిగినా మావాడు వచ్చేవాడు కాదేమో. "లీఫ్స్ టొరంటో టీమ్ నాన్నా, మనది బ్రాంప్టన్" అనేవాడు. బేస్‌మెంట్‌లో అద్దెకుండి, ఇంకా ఏ కాగితమూ స్థిరపడని రోజుల్లో, ఏడెనిమిదేళ్ళ పిల్లాడు "మన బ్రాంప్టన్" అంటుంటే విని ఊరుకునేవాణ్ణి గానీ, లోపల ఏదో కుదుటపడేది.

వాడు స్కేటింగ్ నేర్చుకుంది కూడా ఆ ప్రాంగణంలోనే. పెద్ద రింక్ పక్కన చిన్న రింకులున్నాయి. నేను గోడ పట్టుకుని నడిచేవాణ్ణి, వాడు నా చుట్టూ తిరిగేవాడు. ఆటలో వాడికి పెద్ద ప్రతిభేమీ లేదు. ఊళ్ళో పిల్లలు సరదాగా ఆడే హౌస్ లీగ్‌లో నాలుగేళ్ళు ఆడి మానేశాడు. చూడ్డం మాత్రం మానలేదు.

2008-09 గురించి రాయకపోతే వాడు నన్ను క్షమించడు. అంత మంచి టీమ్ బ్రాంప్టన్‌కి మళ్ళీ రాలేదు. కోడీ హాడ్జ్‌సన్ ఉన్నాడు. ఆ జనవరిలో ఒట్టావాలో ప్రపంచ జూనియర్ పోటీల్లో కెనడా స్వర్ణం గెలిచింది, ఆ టోర్నీలో అందరికంటే ఎక్కువ పాయింట్లు హాడ్జ్‌సన్‌వే, 16. రెడ్ టిల్సన్ ట్రోఫీ కూడా ఆ ఏడాది అతనికే వచ్చింది. రష్యా నుంచి వచ్చిన ఎవ్‌గెనీ గ్రచేవ్ లీగ్‌లో ఉత్తమ కొత్త ఆటగాడు. ఇక మ్యాట్ డుషేన్. హాలిబర్టన్ అనే చిన్న ఊరి కుర్రాడు. అతను పక్ తీసుకుని నీలం గీత దాటుతుంటే సీట్లలో ఉన్నవాళ్ళందరూ తమకు తెలియకుండానే ముందుకి వంగేవాళ్ళు. ఆ వంగడం నాకు బాగా గుర్తు. ఏదో గాలి వీచినట్టు సెక్షన్ మొత్తం ఒక్కసారే ముందుకి కదిలేది.

లీగ్‌లో తూర్పు సగమైన ఈస్టర్న్ కాన్ఫరెన్స్ గెలిచారు. బాబీ ఆర్ ట్రోఫీ ఊరికి వచ్చింది. లీగ్ ఫైనల్లో విండ్సర్ స్పిట్‌ఫైర్స్. అటు టేలర్ హాల్, ర్యాన్ ఎల్లిస్, ఆడమ్ హెన్రిక్. ఏడు మ్యాచ్‌ల సిరీస్. ఆ వారాల్లో నాకు రాత్రి షిఫ్టులు. సూపర్‌వైజర్‌ని అడిగాను, కుదరదన్నాడు. ఎవరితోనైనా షిఫ్ట్ మార్చుకోవాలని చూశాను, దొరకలేదు. జీతం కోసి సెలవు పెట్టే పరిస్థితి లేదు, ఇంటి లోను అప్పుడే మొదలైంది. మా ఆవిడకి రాత్రిపూట హైవే మీద డ్రైవింగ్ అలవాటు లేదు. ఫైనల్ బ్రాంప్టన్‌లో జరుగుతుంటే మేము వెళ్ళలేదు. మావాడు ఇంట్లో కంప్యూటర్ ముందు స్కోరు చూసుకుంటూ కూర్చున్నాడు. నేను బ్రేక్ దొరికినప్పుడల్లా గోడౌన్ బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేసేవాణ్ణి. వాడు ఎత్తి స్కోరు చెప్పి పెట్టేసేవాడు. సిరీస్ 4-1తో విండ్సర్ గెలిచింది. ఆ తర్వాత వాళ్ళే మెమోరియల్ కప్ కూడా గెలిచారు. జూన్‌లో మాంట్రియల్ డ్రాఫ్ట్‌లో జాన్ తవారెస్, విక్టర్ హెడ్‌మన్ తర్వాత మూడో పేరు డుషేన్‌ది. తీసుకున్నది కొలరాడో, అతను చిన్నప్పటి నుంచి ఇష్టపడ్డ టీమ్. టీవీలో అతని ముఖం వెలిగిపోవడం చూసి మావాడు కూడా ఎగిరాడు.

హాడ్జ్‌సన్ ఎన్‌హెచ్‌ఎల్ దాకా వెళ్ళాడు గానీ, కండరాలకి సంబంధించిన ఒక అరుదైన జబ్బు వల్ల చాలా చిన్న వయసులోనే ఆట ఆపాల్సి వచ్చింది. ఆ వార్త చదివిన రోజు మా ఆవిడ దేవుడి దగ్గర దీపం పెట్టింది.

టికెట్ వరసలు పేరుస్తుంటే 2009 వరసలో ఏప్రిల్ తర్వాత ఏమీ లేదు. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

ఆ తర్వాత సీట్ల సంగతి మాకు బాగా కనిపించడం మొదలైంది. నిజానికి మొదటి నుంచీ ఖాళీలు ఉండేవి. ఫైనల్‌కి వెళ్ళిన టీమ్‌కి కూడా మామూలు శుక్రవారం చాలా కుర్చీలు ఖాళీగా ఉండేవి. ఊరు మాత్రం పెరిగిపోతోంది. 2001 జనాభా లెక్కల్లో బ్రాంప్టన్ 3,25,428 మంది. 2011లో 5,23,911. పదేళ్ళలో దాదాపు రెండు లక్షల మంది వచ్చారు, అందులో మేమూ ఉన్నాం. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మా లాంటివాళ్ళే. రెండు ఉద్యోగాలు, రాత్రి షిఫ్టులు, ఇండియాకి పంపాల్సిన డబ్బు. శుక్రవారం రాత్రి మూడు గంటలు ఐసు ముందు కూర్చోవడం వాళ్ళ లెక్కలోకి రాలేదు. పైగా చుట్టూ మిస్సిసాగాలో, ఒషావాలో జూనియర్ టీములున్నాయి, టీవీలో లీఫ్స్ ఉన్నారు. స్టేడియం చూస్తే ఊరి అంచున గోడౌన్ల మధ్య ఉంది. ఆట మీద ప్రేమ లేక కాదు. 2008లో సీబీసీ టీవీ వాళ్ళు శనివారం రాత్రి ఎన్‌హెచ్‌ఎల్ ప్రసారం హాకీ నైట్‌కి పంజాబీ వ్యాఖ్యానం మొదలుపెడితే పాజీ ఇంట్లో శనివారాలు పదిహేను మంది కూర్చునేవాళ్ళు. ఆ పదిహేను మందినీ కెనడీ రోడ్డు దాకా తీసుకురావాలన్న ఆలోచన నాకూ రాలేదు, పాజీకీ రాలేదు.

2012 నవంబర్‌లో వార్త వచ్చింది. సీజన్ అయ్యాక టీమ్ నార్త్ బే వెళ్ళిపోతుంది. టొరంటోకి ఉత్తరంగా మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. బ్రాంప్టన్‌లో దాదాపు పదో వంతు జనం ఉండే ఊరు.

మావాడికి పదిహేనేళ్ళు. గదిలో తలుపేసుకున్నాడు. రాత్రి భోజనానికి వచ్చి కంచం ముందు కూర్చుని, "మనం ఇంకా ఎక్కువసార్లు వెళ్ళాల్సింది" అన్నాడు. నన్ను తప్పుపట్టలేదు. "మనం" అన్నాడు. ఆ మాటకి జవాబు నాకు అప్పుడు దొరకలేదు.

ఆ చలికాలం వీలైన ప్రతి శుక్రవారం వెళ్ళాం. పోయేవాళ్ళని చూడ్డానికి చుట్టాలొచ్చినట్టు, ఎన్నాళ్ళుగానో రానివాళ్ళు వచ్చారు. తాతగారు అప్పటికి కర్ర పట్టుకుని నడుస్తున్నారు. 2013 మార్చిలో మేము చూసిన చివరి మ్యాచ్ అయ్యాక కుర్రాళ్ళు కర్రలు పైకెత్తి జనానికి అభివాదం చేశారు. జనం నిలబడి చప్పట్లు కొట్టారు, ఎవరూ తొందరగా బయటికి పోలేదు. తాతగారు మావాడి భుజం మీద చెయ్యి వేసి, ఒళ్ళో దుప్పటి మడతపెట్టి వాడికిచ్చారు. ఇక తనకి అవసరం లేదన్నారు. ఆయన్ని తర్వాత మళ్ళీ చూడలేదు. ఆ దుప్పటి కాల్గరీలో మావాడి మంచం మీద ఉంది.

2014 ఫిబ్రవరిలో ఫ్యామిలీ డే సెలవులకి నార్త్ బే వెళ్ళాం. అడిగింది వాడే. హైవే 11 మీద రాళ్ళ కొండల మధ్య, మంచులో, నాలుగున్నర గంటల ప్రయాణం. నిపిసింగ్ సరస్సు ఒడ్డున చిన్న ఊరు. మెమోరియల్ గార్డెన్స్ అనే స్టేడియం 1955 నాటిది, టీమ్ కోసమే బాగుచేయించారు. లోపల ఖాళీ కుర్చీ కనపడలేదు. ముసలివాళ్ళు, చంటిపిల్లలు, హైస్కూలు పిల్లలు, ఊరు ఊరంతా అక్కడే ఉంది. అవే ఆలివ్ జెర్సీలు. బెంచీ వెనక చేతులు కట్టుకుని అదే బట్లర్. ఛాతీ మీద మాత్రం మా ఊరి పేరు లేదు.

మావాడు బ్రాంప్టన్ జెర్సీ వేసుకుని కూర్చున్నాడు. ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి చూశాడు. ఏమంటాడోనని నాకు టెన్షన్ పట్టుకుంది. ఆయన లేచి వచ్చి మావాడికి చెయ్యి కలిపాడు. నార్త్ బేకి కూడా ఒక టీమ్ ఉండేదట, సెంటెనియల్స్ అని. 1982లో వచ్చింది. 1994లో లీగ్ కప్ గెలిచింది. 2002లో అమెరికాలోని సాగినాకి వెళ్ళిపోయింది. "పదకొండేళ్ళు శుక్రవారం రాత్రి ఏం చెయ్యాలో తెలియలేదు" అన్నాడాయన. తర్వాత కొంచెం ఆగి, "మీ పిల్లల్ని బాగా చూసుకుంటున్నాం" అన్నాడు. ఆ మాట అచ్చం పెళ్ళయిన ఆడపిల్ల అత్తవారింట్లో ఎవరో అన్నట్టే ఉంది. నాకు గొంతు పట్టుకుపోయింది. ఆ ఏడాదే బెటాలియన్ మళ్ళీ లీగ్ ఫైనల్‌కి వెళ్ళింది, గ్వెల్ఫ్ చేతిలో ఓడిపోయింది.

జూనియర్ హాకీ చరిత్ర తిరగేస్తే ఇలాంటి వలసలే కనిపిస్తాయి. ఆ గ్వెల్ఫ్ టీమ్ మూలాలు టొరంటో మార్ల్‌బోరోస్‌లో ఉన్నాయి. ఏడుసార్లు మెమోరియల్ కప్ గెలిచిన టీమ్ అది. 1989లో హామిల్టన్‌కి, 1991లో గ్వెల్ఫ్‌కి వెళ్ళింది. మూడు కప్పులు గెలిచిన కార్న్‌వాల్ రాయల్స్ 1992లో న్యూమార్కెట్‌కి, అక్కడి నుంచి సార్నియాకి. మాతో పాటు పుట్టిన ఐస్‌డాగ్స్ 2007లో నయాగరాకి. ఒక ఊరి శుక్రవారం పోతే ఇంకో ఊరికి శుక్రవారం వస్తుంది.

బ్రాంప్టన్‌కి ఆ వెంటనే బీస్ట్ అనే ప్రొఫెషనల్ టీమ్ వచ్చింది, కోవిడ్ దెబ్బకి 2021లో మూతపడింది. 2024లో మిస్సిసాగా స్టీల్‌హెడ్స్ అదే స్టేడియంకి మారి బ్రాంప్టన్ స్టీల్‌హెడ్స్ అయింది. అంటే పదకొండేళ్ళ తర్వాత మళ్ళీ మా ఊళ్ళో జూనియర్ హాకీ. పదకొండేళ్ళే, నార్త్ బే ఆయన చెప్పినన్నే.

అక్టోబర్‌లో నేనూ మా ఆవిడా వెళ్ళాం. పార్కింగ్‌లో కారు ఆపి పులిహోర తిన్నాం. ఇద్దరమే కాబట్టి చాలా మిగిలింది. మా పాత సెక్షన్‌లోనే సీట్లు తీసుకున్నాను. ముందు వరసలో తలపాగాలు కట్టుకున్న ఇద్దరు చిన్నపిల్లలు, వాళ్ళ నాన్న. పెద్దవాడు ఏదో అడుగుతున్నాడు, ఆయన తెల్లముఖం వేశాడు. నేను ముందుకి వంగి ఐసింగ్ అంటే ఏమిటో చెప్పాను.

ఇప్పుడు టికెట్లు ఫోన్‌లోనే వస్తున్నాయి. బయటికొచ్చేటప్పుడు కౌంటర్‌లో అమ్మాయిని అడిగి కాగితం మీద ఒకటి ప్రింట్ తీయించుకున్నాను. డబ్బా తీసి లెక్కపెట్టిన రోజు మావాడికి అది కూడా చూపించాను. తొమ్మిది సీజన్లు, సీజన్‌కి 34 చొప్పున ఇంటి మ్యాచ్‌లు 306. మేము చూసినవి 61. దీన్ని కలిపితే 62 అన్నాను.

"అది వేరే టీమ్ నాన్నా, కలపకూడదు" అన్నాడు. "నార్త్ బే టికెట్టు కలుపు కావాలంటే. అది మన టీమే."

"అది వేరే ఊరు కదరా" అన్నాను.

వాడు ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోలేదు. నార్త్ బే టికెట్టు కవర్లో విడిగా ఉంది, అలాగే ఉంచాను. స్టీల్‌హెడ్స్ కాగితాన్ని డబ్బాలో పెట్టలేదు, పారేయనూ లేదు. డబ్బా మూత మీద పెట్టి, ఎగిరిపోకుండా పాత పక్ ఒకటి బరువు పెట్టాను. క్రిస్మస్ సెలవులకి వాడొస్తాడు. ఆ శుక్రవారం ఇక్కడే మ్యాచ్ ఉంటే ముగ్గురం వెళ్ళాలని మా ఆవిడ అప్పుడే కాలెండర్ చూస్తోంది.